నిద్రలో చేయలేని పని

రేణిగుంట జంక్షన్‌లో దిగేవాళ్లలో చాలామంది రేణిగుంటకు వచ్చినవాళ్లు కారు. ముంబై, గుంతకల్లు, కడప వైపు నుంచి వచ్చి చెన్నై దారి పట్టే బండ్లు చాలావరకు తిరుపతికి పోవు. కొండకు పోవాల్సినవాళ్లు ఇక్కడ దిగి, మిగతా పది కిలోమీటర్లు ఆటోలోనో బస్సులోనో పోతారు. గూడూరు లైను, అరక్కోణం లైను, గుంతకల్లు లైను, తిరుపతి మీదుగా పాకాల, కాట్పాడి పోయే లైను కలిసేది ఇక్కడే. దిగే ప్రతి ఒక్కరూ ఏదో ఒక పద్ధతిని నమ్మి వచ్చినవాళ్లు: మొక్కు, ముడుపు, ఉపవాసం, కాలినడక, తలనీలాలు. ఇన్నాళ్లుగా ఇన్ని లక్షల మంది నమ్ముతున్న ఈ పద్ధతులేవీ మనిషిని లోపల మార్చలేవని గట్టిగా చెప్పిన మనిషి కూడా ఈ ప్రాంతం వాడే. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. అప్పటికి ఆ ఊరు కడప జిల్లాలోది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. మనిషి స్వభావం మారుతుందా, మారితే అభ్యాసం వల్లనా, ఎరుక వల్లనా అన్నది తత్వవేత్తలు రెండు వేల ఏళ్లుగా తేల్చని వ్యాజ్యం. దాన్ని గ్రీసు దాకా పోకుండా ఇక్కడే విచారించవచ్చు.

విచారణకు ఇద్దరు వకీళ్లు కావాలి. ఒకరు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి, రిటైరై, రేణిగుంటలోనే ఇల్లు కట్టుకున్న పెద్దాయన. ఇంకొకరు ఆయన తమ్ముడి కూతురు. తత్వశాస్త్రం చదివి కాలేజీలో పాఠం చెబుతోంది. ఆయన అభ్యాసం పక్షం, ఆ అమ్మాయి కృష్ణమూర్తి పక్షం. ఇద్దరూ కల్పితులే. వాళ్ల నోట వచ్చే సంగతులు మాత్రం కల్పితాలు కావు.

పెద్దనాయన: నువ్వు చదివిన పుస్తకాలు నేను చదవలా. కానీ మనిషి స్వభావం ఏందని అడిగితే మా జీ అండ్ ఎస్సార్ పుస్తకం, అంటే రైల్వే రూల్సు పుస్తకం, చాలంటాను. దాన్ని రాసినోళ్లు మనిషిని చెడ్డోడనుకోలేదు, మహాత్ముడనీ అనుకోలేదు. వాడికి కునుకు పడతాది, మతిమరుపు ఉంటాది, నిన్న ఎట్ల జరిగిందో ఈపొద్దూ అట్లే జరగతాదనుకుంటాడు. మనిషిని గురించి వాళ్లు తెలుసుకున్నది ఇంతే. అందుకే వాడి మంచితనాన్ని నమ్ముకోని బండి నడపలా, అలవాటును నమ్ముకోని నడిపినారు. ఇంజన్లో లోకో పైలట్ సిగ్నల్ చూసి ఊరుకోడు. అది ఏ సిగ్నలో, ఏ రంగులో ఉండాదో నోరు తెరిచి గట్టిగా చెప్తాడు, అసిస్టెంటు అదే మాట తిరిగి చెప్తాడు. ఇద్దరికీ కండ్లుండాయి, ఇద్దరికీ కనపడతానే ఉండాది, అయినా చెప్పల్సిందే. చూసేవాళ్లకు పిల్లకాయల ఆట మాదిరి ఉంటాది. జపానోళ్లు దానికి తోడు వేలు కూడా చూపిస్తారు. ఆడి రైల్వే పరిశోధనా సంస్థ 1990లలో పరీక్ష పెట్టి చూసింది. ఊరికే చూసి చేసిన పనిలో నూటికి 2.38 తప్పులు వస్తే, వేలు చూపించి నోటితో చెప్పి చేసినప్పుడు 0.38కి దిగినాయి. ఎవురికీ జ్ఞానోదయం కాలా, మనిషి అదే మనిషి, చేసే తీరు మారింది. న్యాయమైన పనులు చేస్తా పోతేనే మనిషి న్యాయవంతుడు అవతాడని అరిస్టాటిల్ అన్నాడని నువ్వే చెప్పినావు గదా. మనసు నా మాట వినదని అర్జునుడు మొత్తుకుంటే కృష్ణుడు చెప్పిందీ అభ్యాసమే. ఇంతమంది ఒక మాట అన్నాక, కాదనడానికి మదనపల్లె మనిషి ఒకడు బయల్దేరినాడు.

అమ్మాయి: గీతలో మాట సగమే చెప్పావు పెద్దనాయనా. కృష్ణుడు అభ్యాసం పక్కనే వైరాగ్యం అని కూడా అన్నాడు. పతంజలి కూడా ఆ రెండింటినీ జంటగానే పెట్టాడు. అభ్యాసం అందరికీ గుర్తుంటుంది, ఎందుకంటే అది చేయొచ్చు, లెక్క పెట్టుకోవచ్చు, పదిమందికీ చెప్పుకోవచ్చు. నూట ఎనిమిది ప్రదక్షిణలు చేశానంటే లెక్క తేలుతుంది. వదిలేశాను అంటే ఏం లెక్క? కృష్ణమూర్తి చూసింది ఈ చిక్కునే. ఆయనేం బయటినుంచి రాయి విసిరినవాడు కాదు. 1909లో అడయారు బీచ్‌లో దివ్యజ్ఞాన సమాజం పెద్ద లెడ్‌బీటర్ కంటబడిన పిల్లవాణ్ని లోకానికి రాబోయే గురువని ఆ సమాజం వాళ్లు పెంచారు, 1911లో అతని కోసమే ఒక సంఘం పెట్టారు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్ ఎదురుగా, మూడు వేల మందికి పైగా సభ్యులు వింటుండగా, సత్యానికి దారి వేయడం కుదరదు అని చెప్పి ఆ సంఘాన్ని ఆయనే రద్దు చేశాడు. సంఘానికి వచ్చిన ఈర్డె కోటను, ఎస్టేటును ఇచ్చినాయనకే తిరిగి ఇచ్చేశాడు. పద్ధతి వల్ల వచ్చే లాభం ఏమిటో అంత దగ్గరగా అనుభవించి వదిలేసినవాడు ఇంకొకడు కనపడడు. ఇక మీ ఇంజన్ సంగతే తీసుకో. పైలట్ కునుకు తీయకుండా అందులో ఒక విజిలెన్స్ పరికరం ఉంటుందన్నావు కదా. నిమిషం పాటు పైలట్ ఏ మీటా కదపకపోతే దీపం వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ బటన్ నొక్కకపోతే బ్రేకులు వాటంతట అవే పడతాయి. మరి సగం నిద్రలో కూడా చెయ్యి దానంతట అదే పోయి ఆ బటన్ నొక్కడం అలవాటైపోతే? మెలకువ కోసం పెట్టిన అలవాటు నిద్రలో కలిసిపోయింది. కృష్ణమూర్తి జీవితమంతా చెప్పింది ఈ ఒక్క బటన్ గురించే.

ఆ బటన్ వాదం పైకి కనిపించే దానికన్నా బలమైనది. రైల్వే సాంకేతిక నిపుణులకు కూడా ఈ ఇబ్బంది తెలుసు. మనిషి చెయ్యి ఏ పనినైనా ఆలోచనతో పని లేకుండా చేసుకుపోగలిగేలా నేర్చుకుంటుంది. అదే దాని గొప్ప, అదే దాని ప్రమాదం. మంత్రజపానికి, బడిలో ఎక్కాలకి, సంధ్యావందనానికి, ఆఫీసు సంతకానికి, అన్నింటికీ ఇది వర్తిస్తుంది. అయినా ఇంతమాత్రాన అభ్యాసం ఓడిపోయిందనడం తొందరపాటు. అమ్మాయి చెప్పింది అలవాటు విఫలమయ్యే తీరు గురించి. ఎరుక విఫలమయ్యే తీరు గురించి కూడా సాక్ష్యం ఉంది, అది ఇంకా చేదుగా ఉంటుంది. 1973లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ప్రిన్స్‌టన్‌లో మతగురువులు కాబోయే విద్యార్థుల మీద చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ప్రసంగం చేయడానికి పంపారు. కొందరు మాట్లాడాల్సింది బైబిల్లోని మంచి సమరయుని కథ మీద, అంటే దారిలో పడి ఉన్న పరాయివాణ్ని ఆదుకున్నవాడి మీద. దారిలో ఒక మనిషి మూలుగుతూ ఒరిగిపోయి ఉండేలా ఏర్పాటు చేశారు. ఎవరు ఆగారు, ఎవరు ఆగలేదు అన్నదాన్ని తేల్చింది వాళ్ల మనసులో ఉన్న కథ కాదు, వాళ్లకున్న తొందర. తొందరలేని వాళ్లలో నూటికి 63 మంది ఏదో ఒక సాయం చేశారు. ఆలస్యమైందని తొందరపెట్టి పంపినవాళ్లలో సాయం చేసింది నూటికి 10 మందే. ఆ కథ చెప్పడానికి పోతున్నవాడు కూడా మనిషిని దాటుకుని పోయాడు.

పెద్దనాయన: దీనికేం అంటావు? ఆ పిల్లోళ్లకు చదువు లేకనా, ఎరుక లేకనా? ప్రతివాడూ మంచోడే. అయిదు నిమిషాలు తక్కువైనాయి, అంతే. ఈడ ప్లాట్‌ఫారం మీద చూడు. బండి రెండు నిమిషాలే నిలబడతాదంటే, ముసలామె పెట్టె దించలేక అల్లాడతా ఉన్నా పక్కనోడు తోసుకోనే పోతాడు. అదే బండి పదినిమిషాలు ఆగితే వాడే పెట్టె దించి, చెయ్యి పట్టుకోని దించతాడు. వాడి స్వభావం యాడ మారింది? బండి ఆగే టైము మారింది. మనిషిని మార్చల్లంటే ముందు వాడి టైంటేబుల్ మార్చల్ల. తత్వం మాట్లాడేవాళ్లకు ఇది చిన్న సంగతిగా కనపడతాది, నాకు ఇదే పెద్ద సంగతి.

అమ్మాయి: ఆ ప్రయోగం నా పక్షాన సాక్ష్యం పెద్దనాయనా. తొందర అంటే ఏమిటి? ఉన్నచోట ఉండకుండా చేరాల్సిన చోటే కంటికి కనిపించడం. కృష్ణమూర్తి తప్పు పట్టింది సరిగ్గా దీన్నే: ఎప్పుడూ ఏదో కావాలనుకునే మనసు, ఎప్పుడో రేపు మంచివాణ్ని అవుతాననుకునే మనసు. ఆ విద్యార్థి మంచి ప్రసంగం చేయాలని పోతున్నాడు, మంచి గురువు కావాలని పోతున్నాడు, అందుకే మూలుగుతున్న మనిషి కనపడలేదు. రేపటి మంచి ఈరోజు మంచిని తొక్కేసింది. అభ్యాసం చెప్పే మాట కూడా ఇదే కదా, ఇవాళ కాకపోయినా చేస్తూ చేస్తూ ఉంటే ఒకనాటికి వస్తుందని. నువ్వు టైంటేబుల్ మారుస్తానంటున్నావు. అన్ని ప్లాట్‌ఫారాల మీదా అన్ని బండ్లనూ పదినిమిషాలు ఆపగలవా?

పెద్దనాయన: ఆపలేను. కానీ ఒక బండిని ఆపడం, ఒక మనసును ఆపడం కన్నా తేలిక. పైగా మీ కృష్ణమూర్తి కూడా చివరికి నా దారికే వచ్చినాడు. మదనపల్లె పక్కన రిషివ్యాలీ బడి పెట్టినాడు గదా. ఆ బడికి గంట ఉండాది, క్లాసులుండాయి, ఆఖరికి ఐసీఎస్ఈ పరీక్ష ఉండాది. సాయంత్రం అయితే పిల్లకాయలందరినీ గుట్ట మీద కూర్చోబెట్టి సూర్యుడు కుంగేది చూపిస్తారు, అస్తాచల్ అంటారు దాన్ని. మాట్లాడకుండా కూర్చోవల్ల. పద్ధతి లేదన్నాయన బడిలో సూర్యాస్తమయం కూడా టైంటేబుల్లో ఉండాది! ఇంకో మాట. ఆయన పిల్లోడుగా ఉన్నప్పుడు లెడ్‌బీటర్ వేళకు నిద్ర లేపి, స్నానం చేయించి, సైకిల్ తొక్కించి, పాలు తాగించి పెంచినాడంటారు. కట్టుబాట్లలో పెరిగినోడికి కట్టుబాట్లు అక్కర్లేదని చెప్పడం సులభం.

ఇక్కడ అమ్మాయి ఇచ్చే జవాబు వినే ముందు, ఈ రెండు ఆక్షేపణలనూ విడదీసి చూడాలి, ఎందుకంటే వాటి బరువు ఒకటి కాదు. పెంపకం గురించిన ఆక్షేపణ తేలిక. అదే పెంపకం, అదే ఇల్లు, అవే పాఠాలు తమ్ముడు నిత్యానందకు కూడా దొరికాయి. ఆ సమాజంలో ఇంకెందరో పిల్లలు అలాగే పెరిగారు. ఒకే కట్టుబాటు నుంచి ఒక్కడే బయటపడ్డాడంటే బయటపడడానికి కారణం కట్టుబాటు కాదు. పైగా ఆ పెంపకం కన్నతండ్రినే కోర్టుకు ఎక్కించింది: జిడ్డు నారాయణయ్య పిల్లల కోసం అనీబిసెంట్ మీద దావా వేసి మద్రాసు హైకోర్టులో గెలిచాడు, 1914లో ప్రివీ కౌన్సిల్‌లో ఓడిపోయాడు. దాన్ని మంచి అలవాట్ల బడిగా చెప్పుకోవడానికి మనసొప్పదు. అస్తాచల్ గురించిన ఆక్షేపణ మాత్రం బరువైనది. ఏ దారీ లేదన్నవాడి బడిలో ఒక దారి ఎందుకు వెలిసింది?

అమ్మాయి: వెలిసింది, కాదనను. కానీ ఆ అరగంటలో పిల్లలకు ఏం చేయమంటారో చూడు. మంత్రం లేదు, లెక్క లేదు, ఎవరు బాగా చూశారని మార్కులు లేవు. గంట కొట్టి తీసుకుపోవడం వరకే పద్ధతి, అక్కడికి పోయాక పద్ధతి ఆగిపోతుంది. నిన్నటి మబ్బు ఇవాళ ఉండదు. నిన్న చూశాను కాబట్టి ఇవాళ చూడక్కర్లేదు అనడానికి వీల్లేని పని అది. నువ్వు చెప్పే అలవాటు ప్రతిసారీ అదే పనిని అలాగే చేయమంటుంది.

పెద్దనాయన: అయితే ఏడుకొండల మీదికి పోదాం రా. తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అని మనోళ్లు అంటారు గదా. తరిగొండ వెంగమాంబ ఎట్లాంటి మనిషి? పద్దెనిమిదో శతాబ్దంలో చిన్నవయసులో భర్త పోతే, తల గొరిగించుకోనని ఎదురు తిరిగిన మనిషి. ఊరు కట్టుబాటు పెట్టింది, ఆమె తెంచింది. మీ కృష్ణమూర్తికేం తీసిపోదు. కొండ మీద స్వామికి ఆమె తన మనసుకు తోచినట్లు ఇచ్చుకున్న హారతి, ఈ పొద్దుకీ ఏకాంత సేవలో రోజూ జరగతా ఉండాది. ఆమె పేరు పెట్టిన భవనంలో రోజూ వేలమందికి అన్నం పెడతా ఉండారు. ఆమె భక్తి ఆమెతోనే పోయుంటే ఎవురికి దక్కేది? పద్ధతి అయింది కాబట్టి, ఈడ బండి దిగి పోయిన పేదోడి ఆకు దాకా వచ్చింది.

అమ్మాయి: అన్నం సంగతి ఒప్పుకుంటాను. ఆకలికి ఎరుక అక్కర్లేదు, పంక్తి చాలు. హారతి సంగతి ఒప్పుకోను. ఆమె ఇచ్చినది ఎదురుతిరిగిన మనిషి హారతి. ఇప్పుడు జరుగుతున్నది వేళకు జరగాల్సిన సేవ. కట్టుబాటు తెంచడం ఆమె దగ్గర ఎంతమంది నేర్చుకున్నారు? వేమనను చూడు. ఆయన పద్యం రాని తెలుగువాడు లేడు. రెండో తరగతిలోనే బట్టీ పట్టిస్తారు. కులం మీద, విగ్రహాల మీద, దొంగ గురువుల మీద ఆయన వేసినంత దెబ్బ ఎవరూ వేయలేదు. మరి ఇన్ని తరాలు అభ్యాసం చేస్తే తెలుగునాట కులం పోయిందా? నీ సిద్ధాంతం ప్రకారం పోవాలి.

వేమన మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ సంవాదానికి తాళంచెవి ఇక్కడే ఉందని నా అభిప్రాయం. సి.పి. బ్రౌన్ 1829లో ఆయన పద్యాలను అచ్చువేయించక ముందే అవి జనం నోట ఉన్నాయి. పుస్తకం నుంచి నోటికి వచ్చినవి కావు, నోటి నుంచి పుస్తకానికి పోయినవి. ఇంతగా వంటబట్టిన తత్వవేత్త ఇంకే భాషలోనైనా ఉన్నాడా అన్నది సందేహమే. అయినా అమ్మాయి అడిగినదానికి జవాబు చెప్పుకోక తప్పదు: పద్యం నాలుక మీద ఉంది, పంక్తిలో పక్కన ఎవరు కూర్చోవాలి అన్నది మారలేదు. దీన్నిబట్టి అభ్యాసం పనిచేయదని తేల్చవచ్చా? అభ్యాసం పనిచేసింది, కానీ దేనిని అభ్యసించామో దానికే పనిచేసింది. బడిలో నేర్పింది పద్యం తప్పులేకుండా చెప్పడం. తెలుగువాళ్లు తప్పులేకుండానే చెబుతారు. చెప్పేటప్పుడు ఎదుటివాడి కులం గుర్తుకొచ్చినా రాకపోయినా పద్యం ఆగదు, యతి తడబడదు. విజిలెన్స్ బటన్ లాగే, సగం నిద్రలో కూడా చేయగల పని అది. కాబట్టి అభ్యాసమా, ఎరుకా అన్న ప్రశ్న తప్పు ప్రశ్న. ఒక పద్ధతిని గురించి అడగాల్సింది, దాన్ని నిద్రలో చేయగలమా లేదా అని. చేయగలిగితే అది ఎంత పవిత్రమైనదైనా ఎప్పటికో ఒకప్పటికి బటన్‌గా మారుతుంది. చేయలేకపోతే, ఎంత చిన్నదైనా, అందులో ఎరుక కూడా ఉండి తీరుతుంది. అస్తాచల్ మీద అమ్మాయి చెప్పిన మాటకు నేను విలువ ఇచ్చేది ఇందుకే, అది పద్ధతి కాదని కాదు. పెద్దాయన దగ్గర దానికన్నా మంచి ఉదాహరణ ఉంది. దాన్ని ఆయన ఇంతసేపూ బయటికి తీయకపోవడమే ఆశ్చర్యం.

పెద్దనాయన: మాకు ప్రైవేట్ నంబర్లని ఉంటాయి. ఒక షీటు మీద రెండంకెల నంబర్లు అడ్డదిడ్డంగా అచ్చేసి ఉంటాయి. ఒకరి షీటు ఇంకొకరికి కనపడకూడదు. బండి వచ్చేముందు స్టేషన్ మాస్టరు లెవెల్ క్రాసింగ్ గేటుకు ఫోన్ చేస్తాడు, ఫలానా బండి వస్తా ఉండాది, గేటు వెయ్యి అని. గేట్‌మన్ గేటు వేసి, తాళం పెట్టి, ‘వేసినాను సార్’ అంటే చాలదు. వాడి షీట్లో తరువాత ఉన్న నంబరు చెప్పల్ల. ఆ నంబరును మాస్టరు తన రిజిస్టర్లో రాసుకుంటాడు, గేట్‌మన్ తన షీట్లో కొట్టేస్తాడు. కొట్టేసిన నంబరు మళ్లీ పనికిరాదు. ఎందుకీ తిప్పలు? ‘వేసినా’ అనే మాట నిద్రలో కూడా వస్తాది. నలభై ఏడో, ఎనభై రెండో చెప్పల్లంటే షీటు చూడాల్సిందే. నిన్నటి నంబరు ఈపొద్దు పనికిరాదు. ఇది అలవాటా, ఎరుకా? నువ్వే చెప్పు.

అమ్మాయి: ఇది బాగుంది. కానీ నంబరు చెప్పి గేటు వెయ్యకుండా వదిలేసినవాళ్లు లేరా?

పెద్దనాయన: ఉండారు. మనుషులు పోయినారు గూడా. అందుకే ఇంటర్‌లాక్ గేట్లు పెడతా ఉండారు. గేటు పడితే గానీ సిగ్నల్ దిగదు. అబద్ధం చెప్పడానికి సందే లేదు.

అమ్మాయి: చూశావా, ఎక్కడికి చేరావో! మొదట మనిషికి అలవాటు నేర్పావు, చాలలేదు. తర్వాత నంబరు పెట్టావు, చాలలేదు. చివరికి మనిషిని పక్కన పెట్టి ఇనుమును నమ్మావు. గేటు మంచిదైంది, మనిషి మంచివాడు కాలేదు. ఇంతకీ రైల్వే రూల్సు మనిషిని ఎంతవరకు మారుస్తాయో అంబేద్కర్ రాసి పెట్టాడు. 1901లో, తొమ్మిదేళ్ల పిల్లవాడుగా, అన్నతో, అక్క కొడుకుతో కలిసి తండ్రి దగ్గరికి పోతూ మసూర్ స్టేషన్లో దిగాడు. మంచి బట్టలు వేసుకున్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టరు దగ్గరికి వచ్చి ప్రేమగా పలకరించాడు. ఎవరు మీరు అంటే మహర్లమని, అంటే అంటరానివాళ్లుగా ఎంచే కులంవాళ్లమని, పిల్లలు చెప్పారు. ఆయన ముఖం మారిపోయింది, వెనక్కి తిరిగి తన గదిలోకి పోయాడు. ఆ మాస్టరు సిగ్నల్ విషయంలో ఏ తప్పూ చేసి ఉండడు. రిజిస్టర్లు సరిగ్గానే రాసి ఉంటాడు. నీ పుస్తకంలోని రూల్సన్నీ పాటించిన మనిషి, ముగ్గురు పిల్లలు దిక్కుతోచక నిలబడి ఉంటే చూడలేకపోయాడు. బండ్ల విషయంలో మెలకువ, మనుషుల విషయంలో నిద్ర.

ఈ సాక్ష్యం ముందు పెద్దాయన కొంతసేపు తగ్గవలసిందే. ఒక పనిలో వచ్చిన ఎరుక ఇంకో పనికి పాకదు. నంబరు షీటు ముందు మేలుకున్న మనిషి, షీటు పక్కన పెట్టగానే తన కులంలోకి, తన ఇంటి ఆచారంలోకి పోయి పడుకుంటాడు. బ్రిటిష్ కాలంలో స్టేషన్లలో హిందువులకు, ముస్లింలకు తాగేనీళ్లు వేరువేరుగా పెట్టిన సంగతి మరిచిపోకూడదు. అది కూడా రైల్వే పెట్టిన పద్ధతే. పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది పద్ధతి చెప్పలేదు. కృష్ణమూర్తి వాదానికి ఇంతకన్నా బలమైన ఆధారం నాకు తెలియదు. అయితే మసూర్ కథ అక్కడితో ఆగలేదు. అందులోని తొమ్మిదేళ్ల పిల్లవాడు పెద్దయ్యాక ఏ పక్షం వహించాడన్నది కూడా సాక్ష్యమే.

పెద్దనాయన: ఆ పిల్లోడు పెద్దయినాక స్టేషన్ మాస్టర్లందరి మనసులూ మారేదాకా కాచుకోని కూర్చోలేదు తల్లీ. రాజ్యాంగంలో 17వ అధికరణం వచ్చింది. అంటరానితనం చెల్లదు, పాటిస్తే నేరం. అది ఇంటర్‌లాక్ కాదా? నీ మనసు నీ ఇష్టం, సిగ్నల్ మాత్రం దిగదు అన్నాడు. మనిషి స్వభావాన్ని ఆయనంత దగ్గరగా చూసినోడు ఎవురుండారు? చూసి, తాళం వేసినాడు.

అమ్మాయి: తాళం వేశాక ఆరేళ్లకు, 1956 అక్టోబరు 14న, నాగపూర్‌లో బౌద్ధం ఎందుకు తీసుకున్నాడు మరి? తాళంతో పని అయిపోయి ఉంటే ఆ అవసరమే రాదు. రాజ్యాంగ నీతి మనుషులకు పుట్టుకతో రాదు, పెంచుకోవాలి అని 1948లోనే రాజ్యాంగ సభలో చెప్పాడు. చట్టం చెయ్యిని ఆపుతుంది, చూపును మార్చదు. బుద్ధుడు నమ్మమనలేదు, వచ్చి చూడమన్నాడు. అందుకే అక్కడికి పోయాడు.

పెద్దనాయన: పోయి ఏం చేసినాడు? ఇరవై రెండు ప్రతిజ్ఞలు రాసి, లక్షలమంది చేత నోరు తెరిచి గట్టిగా చెప్పించినాడు. ఒకరు చెప్తే ఇంకొకరు తిరిగి చెప్పడం. మా లోకో పైలట్ చేసే పనే గదా అది.

అమ్మాయి: ఒకసారి చెప్పడం వరకు సరే. వేమన పద్యం మాదిరి అది కూడా బట్టీ అయిపోతే?

పెద్దనాయన: అయితాది, అడిగేవాడు లేకపోతే. నంబరు షీటు ఒక్క గేట్‌మన్‌కే ఉండాదనుకున్నావా? స్టేషన్ మాస్టరు కూడా పక్క స్టేషన్ మాస్టరుకు తన నంబరు ఇవ్వాల్సిందే. పైనోడికి ఒక రూలు, కిందోడికి ఒక రూలు లేదు. ఎవుడి నంబరైనా ఇంకొకడి రిజిస్టర్లోకి ఎక్కల్ల, తన రిజిస్టర్లో తను రాసుకుంటే చెల్లదు. ఆ మసూర్ మాస్టరు గేట్లకు జవాబు చెప్పినాడు, పక్క స్టేషన్లకు జవాబు చెప్పినాడు, ఆ ముగ్గురు పిల్లోళ్లకు జవాబు చెప్పాల్సిన పని వాడికి లేకపోయె. 17వ అధికరణం చేసింది ఆ పనే. ఆ పిల్లోళ్ల చేతికి గూడా ఒక రిజిస్టర్ ఇచ్చింది.

అమ్మాయి: రిజిస్టర్ ఇచ్చింది, ఒప్పుకుంటాను. మనుషులతో మసలుకునే చోటే నేనేమిటో నాకు కనపడుతుందని కృష్ణమూర్తి కూడా అన్నాడు, ఒంటరిగా గుహలో కాదని. అక్కడ మీ ఇద్దరికీ తేడా లేదు. తేడా ఇంకోచోట ఉంది. అడగడానికి ఆ పిల్లలు ఫోన్ చేసినప్పుడు, తీసినవాడు షీటు చూసి చెబుతున్నాడా, నోటికి వచ్చింది చెబుతున్నాడా అన్నది అవతలి చివరన ఉన్నవాడికి ఎట్లా తెలుస్తుంది?

పెద్దనాయన: తెలియదు. అందుకే మా ఇనస్పెక్టరు చెప్పకుండా వచ్చి షీటు, రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూసేవాడు. నువ్వు గూడా మీ కాలేజీలో వేమన పద్యం పాఠం చెప్పేటప్పుడు, అప్పజెప్పమనడం మానేసి, మధ్యాన్నం అన్నానికి ఎవుడి పక్కన ఎవుడు కూర్చున్నాడో పోయి చూసిరా.